ఎం.సి.హెచ్. నుంచి క్యాంటాబ్ దాకా: డిగ్రీ అక్షరాల్లోని లాటిన్

ఆసుపత్రులు వరసగా ఉండే ఏ వీధిలోనైనా బోర్డులు చదువుకుంటూ నడిస్తే, ఎవరో ఒక సర్జన్ పేరు కింద ఈ వరస కనిపిస్తుంది: ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్., ఎం.సి.హెచ్. మొదటిది అందరికీ తెలిసిందే. రెండోది సర్జరీలో పీజీ. మూడోది అంతకంటే పెద్ద చదువని తెలుసు గానీ, ఆ సి.హెచ్. అంటే ఏమిటని అడిగితే చాలామంది ఆగిపోతారు. అవి రెండు మాటల మొదటి అక్షరాలు కావు, ఒకే మాటలోని మొదటి రెండక్షరాలు. ఆ మాట లాటిన్‌లో 'కిరుర్జియా'. దాని మూలం గ్రీకు. 'ఖెయిర్' అంటే చెయ్యి, 'ఎర్గాన్' అంటే పని. చేత్తో చేసే వైద్యం అన్నమాట. మనం పనిముట్టును తలచుకుని శస్త్రచికిత్స అన్నాం, వాళ్లు చేతిని తలచుకున్నారు.

ఇంగ్లిష్‌వాళ్ల 'సర్జరీ' కూడా ఈ కిరుర్జియాయే. ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి అరిగిపోయి అలా తయారైంది. దీన్నిబట్టి చూస్తే ఆ బోర్డు మీద ఉన్న ఎం.ఎస్.కీ ఎం.సి.హెచ్.కీ మాటల అర్థం ఒక్కటే. మొదటిది ఇంగ్లిష్‌లో మాస్టర్ ఆఫ్ సర్జరీ, రెండోది లాటిన్‌లో మాజిస్టర్ కిరుర్జియే. ఒకే పేరును రెండు భాషల్లో పెట్టుకుని, భారతదేశంలో వాటిని రెండు మెట్లుగా కట్టుకున్నాం: మూడేళ్లు చదివితే ఎం.ఎస్., దాని మీద ఇంకో మూడేళ్లు చదివితే ఎం.సి.హెచ్. బ్రిటన్‌లో ఈ రెండు మెట్ల ఏర్పాటు లేదు. ఆక్స్‌ఫర్డ్ తన శస్త్రచికిత్స మాస్టర్ డిగ్రీని ఎం.సి.హెచ్. అని రాస్తే, ఎడిన్‌బరో అదే మాటను తిరగేసి సి.హెచ్.ఎం. అంటుంది. ఒకప్పటి మద్రాసు విశ్వవిద్యాలయం వాడింది మరో రూపం. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో చదువు ముగించిన ముత్తులక్ష్మి రెడ్డి డిగ్రీ పేరు ఎం.బి. అండ్ సి.ఎం. ఈ సి.ఎం. అంటే కిరుర్జియే మాజిస్టర్, అంటే మళ్లీ అదే ఎం.సి.హెచ్. కాకపోతే అప్పట్లో అది వైద్యంలో తొలి డిగ్రీలో ఒక భాగం.

ఎం.బి.బి.ఎస్. సంగతీ ఇలాంటిదే. అందులో మొదటి ఎం.ను మాస్టర్ అనుకునేవాళ్లున్నారు. అది 'మెడిసినే', అంటే వైద్యం యొక్క. ఆ పక్కన బి. 'బాకలారియస్', అంటే బ్యాచిలర్. ఇక్కడిదాకా లాటిన్ వరస. తర్వాతి బి.ఎస్. దగ్గరికి వచ్చేసరికి వరస మారి ఇంగ్లిష్ బ్యాచిలర్ ఆఫ్ సర్జరీ అయింది. నాలుగక్షరాల్లో సగం ఒక భాష, సగం మరో భాష. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో నెలకొల్పారు. ఈ అక్షరాలు అలాంటి దారుల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవే.

ఎం.సి.హెచ్.ను సి.హెచ్.ఎం. అని తిరగేయడం ఎలా సాధ్యమైంది? తెలుగువాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. 'రాముడు రావణుణ్ణి చంపాడు' అన్నా, 'రావణుణ్ణి రాముడు చంపాడు' అన్నా చచ్చింది రావణుడే. ఎవరు ఏమిటన్నది విభక్తి చెబుతుంది కాబట్టి మాటల వరసను ఎటు మార్చినా నష్టం లేదు. లాటిన్ కూడా అలాంటి విభక్తుల భాషే. 'ఫిలాసఫియే' అన్నప్పుడు చివర ఉన్న 'ఏ' కారం మన షష్ఠీ విభక్తి, 'యొక్క'. ఫిలాసఫియే డాక్టర్ అన్నా, డాక్టర్ ఫిలాసఫియే అన్నా ఒకటే. మొదటిదాన్ని కుదిస్తే పీహెచ్.డి. వస్తుంది, రెండోదాన్ని కుదిస్తే డి.ఫిల్. వస్తుంది. డి.ఫిల్. అంటే పీహెచ్.డి. కన్నా తక్కువని, ఎం.ఫిల్.కు దగ్గరదని అనుకోవడం మన దగ్గర తరచూ వినిపిస్తుంది. అది ఆ వరస తెలియక వచ్చిన పొరపాటు. పరిశోధనకిచ్చే ఈ డిగ్రీని ఆక్స్‌ఫర్డ్ 1917లో ప్రవేశపెట్టి డి.ఫిల్. అని పేరు పెట్టింది, ఇప్పటికీ అలాగే ఇస్తోంది. మన దేశంలో అలహాబాద్ విశ్వవిద్యాలయానిదీ చాలాకాలం అదే అలవాటు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిగ్రీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పద్ధతి బయటపడుతుంది. ఆక్స్‌ఫర్డ్ సాధారణంగా డిగ్రీ పేరును ముందు పెడుతుంది, కేంబ్రిడ్జ్ విషయం పేరును ముందు పెడుతుంది. సాహిత్యంలో అక్కడ డి.లిట్., ఇక్కడ లిట్.డి. సైన్సులో అక్కడ డి.ఎస్‌సి., ఇక్కడ ఎస్‌సి.డి. సంగీతంలో అక్కడ డి.మస్., ఇక్కడ మస్.డి. వైద్యంలో అక్కడ బి.ఎం., ఇక్కడ ఎం.బి. దైవశాస్త్రం దగ్గర మాత్రం ఇద్దరిదీ డి.డి.యే, ఎటు తిప్పినా అవే అక్షరాలు. అమెరికాకు వెళ్తే హార్వర్డ్ ఇప్పటికీ తన బి.ఏ.ను ఏ.బి. అని, ఎం.ఏ.ను ఏ.ఎం. అని రాస్తుంది. ఆర్టియుమ్, అంటే 'కళల యొక్క' అనే మాట ముందు వచ్చిన పాత లాటిన్ వరస అది.

బ్రిటన్‌లో ఇలా తిరగేసిన జంటల మధ్య ఎక్కువ తక్కువలు లేవు. ఆక్స్‌ఫర్డ్ డి.ఎం., మిగతాచోట్ల ఎం.డి. ఒకే రకం డిగ్రీ: వైద్యంలో పరిశోధన చేసి తీసుకునేది. మన దగ్గర మాత్రం ఎం.డి. పీజీ అయితే, డి.ఎం. దాని మీద కార్డియాలజీ లాంటి విభాగంలో చదివే సూపర్ స్పెషాలిటీ. వరస మారితే చదువే మారిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఎం.డి. చేసిన వైద్యుడి అక్షరాలను లండన్‌లో, లండన్ వైద్యుడి అక్షరాలను హైదరాబాద్‌లో ఉన్నవున్నట్టు చదివితే తప్పుదారి పడతాం. ఇచ్చింది ఏ దేశమో చూసి చదవాలి.

లా డిగ్రీ దగ్గరికి వద్దాం. పాత తరం ప్లీడర్ల ఇళ్ల ముందు 'బి.ఏ., బి.ఎల్.' అని బోర్డు ఉండేది. మద్రాసు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయాల పట్టభద్రులది ఆ డిగ్రీ. బి.ఎల్.లో ఎల్ ఒక్కటే, ఇప్పుడు అందరూ రాసే డిగ్రీలో రెండు. ఆ రెండో ఎల్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, లాటిన్‌లో బహువచనాన్ని కుదించి రాసేటప్పుడు అక్షరాన్ని రెట్టిస్తారు. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఒక పేజీకి ఒక 'పి', కొన్ని పేజీలకు రెండు 'పి'లు వేస్తారే, అదే పద్ధతి. 'లెక్స్' అంటే చట్టం, 'లెగుమ్' అంటే చట్టాల యొక్క. లెగుమ్ అన్న ఒక్క మాటకే రెండు ఎల్‌లు. కాబట్టి వాటి మధ్య చుక్క పెట్టకూడదు. ఎల్.ఎల్.బి. అని మూడు చుక్కలతో రాసిన బోర్డులూ విజిటింగ్ కార్డులూ ఊరూరా కనిపిస్తాయి. ఎల్‌ఎల్.బి. అన్నది సరైన రూపం. న్యాయవాదులకు కామా తేడా కూడా కేసు గెలిపించేదే కదా, ఈ చుక్క గురించి పట్టించుకోవడం దండగ కాదు.

ఆ బహువచనం ఎందుకన్నదానికి సాధారణంగా చెప్పే వివరణ ఇది. మధ్యయుగాల ఐరోపాలో న్యాయశాస్త్రం రెండు పాయలుగా ఉండేది. రోమన్ల నుంచి వచ్చిన పౌర న్యాయం ఒకటి, చర్చి న్యాయం రెండోది. రెండూ చదివినవాణ్ణి ఉభయ న్యాయాల డాక్టరనేవారు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రోమ్‌తో తెగతెంపులు చేసుకున్నాక, 1535లో విశ్వవిద్యాలయాల్లో చర్చి న్యాయం బోధనను ఆపించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో మిగిలింది పౌర న్యాయం. అక్కడి డిగ్రీల పేర్లు నేటికీ బి.సి.ఎల్., డి.సి.ఎల్. మధ్యలోని సి. ఆ పౌర న్యాయానిదే. కేంబ్రిడ్జ్ మాత్రం రెండు ఎల్‌లను వదలలేదు. ఇంకో సంగతి: ఆక్స్‌ఫర్డ్ బి.సి.ఎల్.లో బ్యాచిలర్ అన్న మాట ఉన్నా అది లా డిగ్రీ అయ్యాక చదివే పీజీ కోర్సు. తత్వశాస్త్రంలో అక్కడి బి.ఫిల్. కూడా అంతే, రెండేళ్ల పీజీ. బ్యాచిలర్ అన్న మాట చూసి తక్కువ కట్టడానికి వీల్లేదు.

ఇక బ్రాకెట్లు. బ్రిటిష్ డిగ్రీ పక్కన ఆక్సన్, క్యాంటాబ్, డనెల్మ్, ఎబోర్ లాంటి మాటలుంటాయి. ఇవి ఊళ్ల పాత లాటిన్ పేర్ల నుంచి కుదించినవి. ఆక్స్‌ఫర్డ్ ఆక్సోనియా, కేంబ్రిడ్జ్ క్యాంటాబ్రిజియా, డరమ్ డనెల్మమ్, యార్క్ ఎబోరాకమ్. వాటికి 'ఎన్సిస్' అనే ప్రత్యయం చేరిస్తే 'ఆ ఊరికి చెందిన' అన్న అర్థం వస్తుంది. ఆక్సోనియెన్సిస్, క్యాంటాబ్రిజియెన్సిస్. అంతా రాయలేక చివర తుంచేసి చుక్క పెట్టారు. ఊరి పేరుతో మనిషిని గుర్తించడం మనకు కొత్త కాదు, తెలుగువాళ్ల ఇంటిపేర్లలో సగానికి సగం ఊళ్లే. చిత్తూరు పక్కనున్న కట్టమంచి నుంచి వెళ్లి కేంబ్రిడ్జ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయిన రామలింగారెడ్డి లాంటివారికి పుట్టిన ఊరు పేరుకు ముందు ఉంటుంది, చదివిన ఊరు లాటిన్‌లో పేరుకు వెనక ఉంటుంది.

ఇందులో తికమకలూ ఉన్నాయి. క్యాంటాబ్ చూసి క్యాంటర్‌బరీ అనుకోవడం ఒకటి. క్యాంటర్‌బరీ కుదింపు వేరు, క్యాంటుఆర్. అది డిగ్రీల పక్కన కన్నా ఆర్చిబిషప్ సంతకంలో ఎక్కువ కనిపిస్తుంది. క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ తన ఇంటిపేరు రాయరు, మొదటి పేరు పక్కన క్యాంటుఆర్ అని సంతకం పెడతారు. యార్క్ ఆర్చిబిషప్ ఎబోర్ అని, డరమ్ బిషప్ డనెల్మ్ అని రాస్తారు. లాటిన్ ఊరి పేర్లను ఇన్ని వందల ఏళ్లు బతికించింది చర్చీ, విశ్వవిద్యాలయమూ కలిసే. రెండో తికమక ఆక్సన్‌తో. ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాకు కూడా చిరునామాల్లో ఆక్సన్ అనే రాస్తారు. కానీ డిగ్రీ పక్కన ఆక్సన్ అంటే ఆ ఊళ్లోని పాత విశ్వవిద్యాలయం ఒక్కటే. అదే ఊళ్లో 1992లో విశ్వవిద్యాలయ హోదా పొందిన ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ కాదు. లండన్, ఎడిన్‌బరో, గ్లాస్గో లాంటివాటి కుదింపుల్లో లాటిన్, ఇంగ్లిష్ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి వాటితో పేచీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది ఎం.ఏ. దగ్గర. ఒక వ్యక్తి పేరు పక్కన ఎం.ఏ. (ఆక్సన్) లేదా ఎం.ఏ. (క్యాంటాబ్) అని ఉంటే, మన అలవాటు ప్రకారం బి.ఏ. తర్వాత రెండేళ్లు చదివి, పరీక్షలు రాసి తెచ్చుకున్న డిగ్రీ అనుకుంటాం. అలా కాదు. ఆక్స్‌ఫర్డ్ బి.ఏ. పట్టభద్రులు మెట్రిక్యులేషన్ జరిగిన నాటి నుంచి 21 టర్ములు గడిస్తే, అంటే ఏడేళ్లయితే, దరఖాస్తు చేసుకుని ఎం.ఏ. తీసుకోవచ్చు. కొత్త కోర్సు లేదు, పరీక్ష లేదు. కేంబ్రిడ్జ్‌లోనూ మొదటి టర్ము ముగిశాక ఆరేళ్లు గడవాలనే నియమం మీద ఇలాగే ఇస్తారు. ఇక్కడ మెట్రిక్యులేషన్ అన్న మాటతోనూ జాగ్రత్తగా ఉండాలి. మన పెద్దల నోట 'మెట్రిక్' అంటే బడి చివర రాసే పరీక్ష. మద్రాసు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు ఆ పేరుండటం వల్ల అలా స్థిరపడింది. లాటిన్‌లో 'మాట్రిక్యులా' అంటే పేర్ల జాబితా. ఆక్స్‌ఫర్డ్‌లో మెట్రిక్యులేషన్ అంటే నేటికీ ఆ జాబితాలో పేరు ఎక్కే రోజు.

చదవకుండా ఎం.ఏ. ఎలా ఇస్తారన్న కోపం రావడం సహజం. దీని వెనకున్న కారణం మాత్రం దొంగతనం కాదు, పాతదనం. మధ్యయుగాల్లో ఆర్ట్స్ చదువు మొత్తం ఏడేళ్లది. వ్యాకరణం, తర్కం, వాక్చాతుర్యం ముందు, గణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం తర్వాత. బ్యాచిలర్ అంటే సగం దారిలో ఉన్నవాడు. దారి ముగించినవాడు మాజిస్టర్, అంటే గురువు. ఎం.ఏ. అన్నది పాఠం చెప్పడానికి అనుమతి పత్రం, విశ్వవిద్యాలయ పాలనలో ఓటు హక్కు. 1603 నుంచి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు పార్లమెంటులో సొంత సభ్యులుండేవారు. వాళ్లను ఎన్నుకునే హక్కు కూడా చాలాకాలం ఈ పై డిగ్రీల వాళ్లదే. విశ్వవిద్యాలయ నియోజకవర్గాలను 1948 చట్టంతో రద్దు చేశారు. చదువు మూడేళ్లకు కుదించుకుపోయింది, ఓటు పోయింది, ఏడేళ్ల లెక్క మాత్రం మిగిలింది. 2010 తర్వాత క్రిస్ లెస్లీ అనే లేబర్ ఎంపీ దీన్ని ఆపాలని పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. వేరే విశ్వవిద్యాలయంలో ఏడాదంతా కష్టపడి, థీసిస్ రాసి ఎం.ఏ. తెచ్చుకున్న విద్యార్థి పక్కన, దరఖాస్తుతో వచ్చిన ఎం.ఏ. అవే అక్షరాలతో నిలబడటం న్యాయం కాదు. చరిత్ర ఎంత గొప్పదైనా ఆ విద్యార్థికి జరిగే నష్టాన్ని పూడ్చదు. బ్రాకెట్‌ను చదవడం అలవాటైతే కనీసం చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది.

స్కాట్లండ్ ఎం.ఏ. మూడో రకం. సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, అబర్డీన్, ఎడిన్‌బరో అనే నాలుగు పాత విశ్వవిద్యాలయాల్లో ఆర్ట్స్ విద్యార్థి ఇంటర్ స్థాయి తర్వాత చేరి, ఆనర్స్‌తో నాలుగేళ్లు చదివితే వచ్చే మొట్టమొదటి డిగ్రీ పేరే ఎం.ఏ. బి.ఏ.తో పని లేదు. చీరాల పేరాల ఉద్యమాన్ని నడిపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎం.ఏ. చదివింది ఎడిన్‌బరోలోనే. అక్కడ చదివినవారి జీవిత చరిత్రలు రాసేటప్పుడు ఎం.ఏ. కనబడగానే పోస్టుగ్రాడ్యుయేషన్ అని తెలుగు చేయకుండా, ఏ ఊరి ఎం.ఏ. అన్నది చూసుకోవాలి.

డిగ్రీతో పాటు వచ్చే మరికొన్ని లాటిన్ మాటలున్నాయి. 'వైవా' తెలుగు విద్యార్థులందరి నోటా నలిగిన మాటే. 'వైవా వోచే' అంటే సజీవమైన గొంతుతో, అంటే నోటితో జరిగే పరీక్ష. 'ఈగ్రోటాట్' మాత్రం మనకు అలవాటు లేదు. ఆ మాటకు 'జబ్బుగా ఉన్నాడు' లేదా 'జబ్బుగా ఉంది' అని అర్థం. అది మొత్తం ఒక వాక్యం. చివరి పరీక్షల వేళకు మంచాన పడ్డ విద్యార్థి, అప్పటిదాకా బాగా చదివినట్టు రుజువుంటే, తరగతి పేర్కొనకుండా ఇచ్చే డిగ్రీకి ఈ పేరు. పరీక్ష రోజు జ్వరం వస్తే ఏడాది పోయినట్టేనని భయపడే పిల్లలున్న మన దగ్గర, ఈ ఒక్క లాటిన్ వాక్యాన్ని అరువు తెచ్చుకున్నా మేలే.

'హొనోరిస్ కౌసా' అంటే గౌరవార్థం. బ్రాకెట్లో హెచ్.సి. అని కనిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కవులకూ కళాకారులకూ ఇచ్చిన 'కళాప్రపూర్ణ' ఈ కోవలోదే, పైగా ఆ పేరు చూడగానే గౌరవ బిరుదని తెలుస్తుంది. 1940 ఆగస్టు 7న ఆక్స్‌ఫర్డ్ తన గౌరవ డాక్టరేటును శాంతినికేతన్‌కు తెచ్చి రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఇచ్చింది. విశ్వవిద్యాలయం తరఫున వచ్చినవారిలో అప్పటి ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయర్‌తో పాటు, అంతకు నాలుగేళ్ల ముందు దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. సంప్రదాయం ప్రకారం ప్రశంస లాటిన్‌లో చదివారు. ఠాగూర్ సంస్కృతంలో జవాబు చెప్పారు.

ఈ బ్రాకెట్లలో తప్పక చెప్పుకోవలసింది 'డబ్ల్', అంటే డబ్లిన్. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ, ఈ మూడింటి మధ్య ఒక పాత ఒప్పందం ఉంది. ఒకచోట డిగ్రీ ఉన్నవారికి మరోచోట అదే స్థాయి డిగ్రీని పరీక్ష లేకుండా ఇస్తారు. దాన్ని లాటిన్‌లో 'ఆడ్ యుండెమ్ గ్రాడుమ్' అంటారు, అదే మెట్టుకు అని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేంబ్రిడ్జ్‌లో గిర్టన్, న్యూన్‌హామ్ కాలేజీల అమ్మాయిలు మగపిల్లలతో సమానంగా చదివారు, అవే పరీక్షలు రాశారు, పాసయ్యారు. డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ అంతే. 1904లో ట్రినిటీ స్త్రీలకు డిగ్రీలివ్వడం మొదలుపెట్టి, ఈ ఒప్పందం వాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. 1907 వరకు ఆ తలుపు తెరిచి ఉంది. ఆ మూడేళ్లలో ఏడు వందల మందికి పైగా స్త్రీలు, చాలామంది అప్పటికే బళ్లలో పంతులమ్మలుగా పనిచేస్తున్నవాళ్లు, ఓడెక్కి ఐరిష్ సముద్రం దాటి డబ్లిన్‌లో డిగ్రీ తీసుకుని తిరిగి వచ్చారు. వాళ్లను స్టీమ్‌బోట్ లేడీస్ అన్నారు. చదివింది కేంబ్రిడ్జ్‌లో, పేరు పక్కన రాసుకోగలిగింది డబ్లిన్.

ఆక్స్‌ఫర్డ్ 1920 అక్టోబరులో స్త్రీలకు డిగ్రీలివ్వడం మొదలుపెట్టింది. కేంబ్రిడ్జ్ 1921లో ఓటింగ్ పెట్టి, పూర్తి హక్కులు లేకుండా డిగ్రీ పేరు మాత్రం ఇస్తామంది. ఆ రోజు మగ విద్యార్థులు గుంపుగా వెళ్లి న్యూన్‌హామ్ కాలేజీ కంచు గేట్లను విరగ్గొట్టారు. నిజమైన డిగ్రీ కోసం 1948 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో కేంబ్రిడ్జ్ డిగ్రీ అందుకున్న మొదటి స్త్రీ ఆరో జార్జి భార్య, రాణి ఎలిజబెత్. అది ఎల్‌ఎల్.డి., గౌరవార్థం ఇచ్చినది. అక్కడ చదివి పరీక్షలు రాసిన స్త్రీల వంతు ఆ తర్వాత వచ్చింది.